కనిపించని గాయానికి సాక్షి ఎవరు?

ఎముక విరిగితే ఎక్స్‌రే ఉంది. జ్వరం వస్తే రక్తపరీక్ష ఉంది. మరి మనసు విరిగితే దానికి రుజువు ఏది? అమెరికాలోని వలస కార్యాలయాలకు, ఇమిగ్రేషన్ కోర్టులకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతూనే ఉంటుంది. దానికి జవాబుగా రూపుదిద్దుకున్నదే మానసిక, సామాజిక మదింపు. వలస కేసులో ఉన్న వ్యక్తితో సైకాలజిస్టో, సైకియాట్రిస్టో, లైసెన్సు ఉన్న సోషల్ వర్కరో గంటల తరబడి మాట్లాడి, పరీక్షించి, తాము గమనించినదాన్ని నివేదికగా రాసిస్తారు. ఒక భార్య ఆ దేశంలో ఉండగలదా, ఒక తండ్రి పిల్లలకు దూరం కావలసిందేనా, ప్రాణభయంతో వచ్చినవాడు తిరిగి వెళ్లవలసిందేనా అన్న నిర్ణయాల్లో ఆ కొద్దిపాటి కాగితాలకూ ఒక చోటుంటుంది.

ఎక్కడో అమెరికా కోర్టుల సంగతి మన సంఘాలకెందుకు అనిపించవచ్చు. కానీ 2010, 2017 సంవత్సరాల మధ్య ఆ దేశంలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన శాఖ సర్వేల లెక్కలు చెప్పాయి. గుంటూరులోనైనా కరీంనగర్‌లోనైనా ఆదివారం ఆరాధనలో కూర్చున్న వారిలో డాలస్‌లో కూతురు, న్యూజెర్సీలో కొడుకు ఉన్న కుటుంబాలు ఇప్పుడు అరుదు కాదు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటుంది. భార్య లేదా భర్త హింసకు గురైన కేసుల్లో ఎవరెవరి వాంగ్మూలాలు సాక్ష్యంగా పనికివస్తాయో అమెరికా నిబంధనలు ఉదాహరణలతో సహా చెబుతాయి. ఆ జాబితాలో పోలీసులు, జడ్జీలు, వైద్య సిబ్బంది, స్కూలు అధికారులు, సోషల్ వర్కర్లతోపాటు మతబోధకులు కూడా ఉన్నారు. అంటే డాక్టరుగారి పక్కన పాస్టరుగారికి కూడా ఒక కుర్చీ వేసి ఉంచారన్నమాట! ఆ కుర్చీలో మనం ఎలా కూర్చుంటున్నామన్నదే అసలు ప్రశ్న.

కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం. అమెరికా పౌరుణ్నో, గ్రీన్‌కార్డు ఉన్నవాణ్నో పెళ్లాడి వెళ్లిన స్త్రీ భవిష్యత్తు ఒకప్పుడు పూర్తిగా భర్త సంతకం మీద ఆధారపడి ఉండేది. కాగితాలు వేయవలసింది అతడే, వెనక్కి తీసుకోగలిగిందీ అతడే. కొట్టినా, తిట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా ఆమె నోరు మెదపకుండా ఉండటానికి ఆ ఒక్క భయం చాలు. 1990 నాటి వలస చట్టం ఈ సంకెలను కొంత సడలించింది. రెండేళ్ల షరతుతో గ్రీన్‌కార్డు పొందిన బాధితులు భర్త సంతకం లేకుండానే ఆ షరతును తొలగించమని అడిగే వీలు కల్పించింది. అయితే ఆ చట్టం వెంట వచ్చిన నిబంధనలు, మానసిక క్రూరత్వాన్ని ఎత్తిచూపేవారు నిపుణుల మదింపును తప్పనిసరిగా జతచేయాలన్నాయి. ఇంగ్లీషు రాక, చేతిలో డాలరు లేక, గడప దాటే స్వేచ్ఛ లేక అల్లాడే స్త్రీ అలాంటి నివేదిక ఎక్కడినుంచి తెస్తుంది? 1994లో స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా వచ్చిన చట్టం ఈ పొరపాటును సరిదిద్దింది. నమ్మదగిన సాక్ష్యం ఏదైనా సరే పరిశీలించాలని చెప్పింది. బాధితురాలు తన పేరున తానే దరఖాస్తు పెట్టుకోవచ్చంది. పేరులో స్త్రీలున్నా హింసకు గురైన భర్తలకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. 2006లో సంతకమైన సవరణతో, అమెరికా పౌరులైన కొడుకుల, కూతుళ్ల చేతిలో హింస అనుభవించే తల్లిదండ్రులకు కూడా ఆ తలుపు తెరుచుకుంది. మనవలను పెంచడానికి ఎంతో ఆశతో విమానమెక్కి, చివరికి కన్నబిడ్డల ఇంట్లోనే మాట పడే పెద్దవారు మన మధ్య లేరని ఎవరైనా అనగలరా?

అయితే మన అమ్మాయిలు చాలామంది వెళ్లేది హెచ్‌1బీ ఉద్యోగి భార్యగా, హెచ్‌4 వీసా మీద. భర్త పౌరుడు కాదు, గ్రీన్‌కార్డు ఉన్నవాడూ కాదు. కనుక 1994 చట్టం ఇచ్చిన ఆ సొంత దరఖాస్తు హక్కు వీరికి లేదు. 2015లో వచ్చిన నియమంతో, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవారికి ఉద్యోగం చేసుకునే అనుమతి దొరికింది కానీ, మిగిలినవారు పైసా సంపాదనకైనా వీల్లేకుండా భర్త వీసా నీడలోనే బతకాలి. వీరికి ఉన్న దారుల్లో ఒకటి 2000 సంవత్సరపు చట్టంతో వచ్చిన యు వీసా. గృహహింస వంటి నేరానికి బలై, గణనీయమైన శారీరక లేదా మానసిక వేదన అనుభవించి, నేర పరిశోధనలో అధికారులకు సహకరించినవారికి అది దక్కవచ్చు. దానికి పోలీసుల నుంచో, ప్రాసిక్యూటర్ నుంచో ధ్రువపత్రం కావాలి. ఏడాదికి అసలు బాధితులకు ఇచ్చేవి 10,000 మాత్రమే కనుక ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. హింసకు గురైన హెచ్‌4 భార్యలు తమంతట తాము పని అనుమతి కోరే ప్రత్యేక దరఖాస్తు కూడా 2017 నుంచి ఉంది. ఇవేవీ తెలియకనే ఎంతోమంది ‘నాకిక దారి లేదు’ అని నిర్ణయించుకుంటున్నారు.

మదింపు అవసరమయ్యేది హింస కేసుల్లోనే అనుకోకూడదు. 1996 నాటి చట్టం ప్రకారం, అనుమతి లేకుండా 180 రోజులు దాటి ఉండి దేశం విడిచినవారు మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉన్నవారు పదేళ్లు తిరిగి అడుగుపెట్టలేరు. ఈ నిషేధానికి మినహాయింపు కావాలంటే, పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయిన తన భర్తకు, భార్యకు లేదా తల్లిదండ్రులకు తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపించాలి. కుటుంబం విడిపోతే ఏమవుతుంది? అందరూ కలిసి వెళ్లిపోతే ఏమవుతుంది? జబ్బుపడిన తల్లిని చూసేదెవరు? భాష రాని దేశంలో వైద్యం, చదువు ఎలా సాగుతాయి? ఇవన్నీ సోషల్ వర్కరు కుటుంబంతో కూర్చుని తేల్చవలసిన సంగతులు. ఆశ్రయం కోరే కేసుల్లో చిత్రహింసల ఆనవాళ్లను ఎలా నమోదు చేయాలో చెప్పే ఇస్తాంబుల్ ప్రొటోకాల్ 1999లో ఐక్యరాజ్యసమితికి చేరింది, 2022లో దాన్ని సవరించారు. మతిమరుపు వ్యాధితో పౌరసత్వ పరీక్షకు ఇంగ్లీషు, చరిత్ర నేర్చుకోలేని వృద్ధులకు వైద్యుడో, క్లినికల్ సైకాలజిస్టో ధ్రువీకరిస్తే ఆ పరీక్షల నుంచి మినహాయింపు కోరే వీలుంది. వయసు మళ్లిందన్న కారణం ఒక్కటే అందుకు చాలదు.

ఇంతకీ ఆ గదిలో జరిగేదేమిటి? నిపుణులు ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఇక్కడ మీరు చెప్పేది మన ఇద్దరి మధ్యే ఉండిపోదు, నివేదికగా ప్రభుత్వానికి వెళుతుంది. ఆ తరువాత బాల్యం, పెళ్లి, ప్రయాణం, జరిగిన సంఘటనలు, నిద్ర, ఆకలి, భయాలు, చనిపోవాలన్న ఆలోచనలు, ఒక్కొక్కటిగా అడుగుతారు. దిగులును, గాయం తాలూకు జ్ఞాపకాల తీవ్రతను కొలిచే ప్రశ్నావళులు ఇస్తారు. ఆసుపత్రి కాగితాలు, పోలీసు ఫిర్యాదులు, సందేశాలు చూస్తారు. చివరికి రాసేది ‘ఇతడు ఆమెను కొట్టాడు’ అని కాదు. చూడని సంఘటనకు వారు తీర్పు చెప్పరు. ‘ఈ లక్షణాలు ఆమె చెబుతున్న అనుభవానికి పొంతనగా ఉన్నాయి’ అంటారు, అంతే! తీర్పు అధికారిది, జడ్జిది. సాక్షికి తన హద్దు తెలిసి ఉండటంలోనే ఆ సాక్ష్యానికి విలువ ఉంది.

ఆ విలువ ఎంతటిదో 2008లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. ‘ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్’ సంస్థ వైద్యుల మదింపు పొందిన ఆశ్రయార్థుల్లో 89 శాతం మందికి ఆశ్రయం దొరకగా, దేశవ్యాప్త సగటు 37.5 శాతమే. నివేదిక ఒక్కటే వారిని గెలిపించిందని దీనికి అర్థం చెప్పకూడదు. మంచి లాయరు, బలమైన కేసు ఉన్నవారే సాధారణంగా అక్కడిదాకా చేరతారు. కానీ గాయపడిన మనసు తేదీలు తప్పు చెబుతుంది, మధ్యలో మాట ఆగిపోతుంది, ఒక్కోసారి నవ్వుతూ కూడా ఘోరాన్ని వర్ణిస్తుంది. 2005 నాటి చట్టం ప్రకారం ఆశ్రయ కేసుల్లో చిన్న పొరపాటు కూడా నమ్మకాన్ని దెబ్బతీయవచ్చు. అది అబద్ధం కాదని, గాయమే అలా మాట్లాడిస్తోందని వివరించగలిగేది నిపుణులే.

ఇక్కడ మన భాష సంగతి కూడా చెప్పుకోవాలి. ‘నాకు డిప్రెషన్’ అని మన అమ్మ, మన అక్క ఎప్పుడైనా అంటుందా? ‘గుండె దడగా ఉంది’, ‘తల దిమ్ముగా ఉంది’, ‘అన్నం సయించడం లేదు’, ‘ఎందుకో ఏడుపొస్తోంది’ అంటుంది. ఆయన కొడతాడా అని అడిగితే ‘కోపం ఎక్కువ’ అంటుంది. మనవారి మాటల్లో బాధ ఎప్పుడూ ముసుగు వేసుకునే బయటికొస్తుంది. ఆ ముసుగు తెలియని అనువాదకుడు ‘ఆమెకు తలనొప్పి మాత్రమే’ అని ఇంగ్లీషులో చెప్పేస్తే కేసు అక్కడే కూలిపోతుంది. అందుకే అనువాదానికి శిక్షణ పొందినవారు కావాలి. భర్త తరపు బంధువు వద్దు, పిల్లలు వద్దు, రెండు కుటుంబాలకూ కావలసిన సంఘపెద్ద కూడా వద్దు. అతడు ఎంత మంచివాడైనా సరే, అతని ఎదుట ఆమె నోరు తెరవదు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. హింసను భరిస్తున్న స్త్రీ మొదట చెప్పుకునేది చాలాసార్లు పోలీసుకు కాదు, పాస్టరుగారికి లేదా పాస్టరమ్మగారికి. అప్పుడు ఆమెకు దొరికే జవాబేమిటి? ‘ప్రార్థన చెయ్యమ్మా, మారతాడు’, ‘సంఘం పేరు పోతుంది’, ‘ఇండియాలో మీ నాన్నగారి ఆరోగ్యం చూసుకో’. ఇక్కడి తల్లిదండ్రులు కూడా ఫోనులో అదే పాట. చెల్లెలి పెళ్లి కావాలి, ఇంకొంచెం ఓర్చుకో అంటారు. కొందరైతే హాగరు కథ ఎత్తుతారు. యజమానురాలి బాధ పడలేక పారిపోయిన హాగరును దేవదూత తిరిగి వెళ్లమన్నాడు కదా అంటారు (ఆదికాండము 16). కానీ ఆ కథను నెమ్మదిగా చదవండి. ఐగుప్తునుంచి వచ్చిన ఆ దాసిని దూత మొదట పేరుపెట్టి పిలిచాడు. ఎక్కడినుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళుతున్నావు అని అడిగాడు. మదింపు గదిలో అడిగే ప్రశ్నలకు మూలం ఆ రెండే! ఆమె బాధను దేవుడు విన్నాడని, పుట్టబోయే బిడ్డ పేరే అందుకు గుర్తుగా ఉంటుందని చెప్పాడు. ఆమె కూడా తనను చూసినవాడని దేవునికి పేరు పెట్టుకుంది. ఇక 21వ అధ్యాయంలో అదే హాగరు బిడ్డతో అరణ్యంలో దప్పికతో అలమటించినప్పుడు దూత ఆమెను తిరిగి ఆ ఇంటికి పొమ్మనలేదు. దేవుడు ఆమె కళ్లకు నీటిబావి కనబడేలా చేశాడు. 16వ అధ్యాయం చదివి ఆడపిల్లను వెనక్కి పంపేవారు 21వ అధ్యాయం కూడా చదవాలి. వినకుండా పంపేయడం ఆ రెండింటిలో ఎక్కడా లేదు.

మౌనం ఒక పాపమైతే అబద్ధం మరో పాపం. 2012 డిసెంబరులో న్యూయార్క్‌లో ఆశ్రయ దరఖాస్తుల మోసాలకు సంబంధించి 26 మందిపై కేసులు పెట్టారు. వారిలో లాయర్లు, గుమాస్తాలు, అనువాదకులు ఉన్నారు. విచారకరమైన సంగతేమిటంటే ఒక చర్చి ఉద్యోగి కూడా ఉన్నారు. క్రైస్తవులమని చెప్పుకుని ఆశ్రయం కోరే చైనీయులకు అధికారి ఎదుట ఏం చెప్పాలో నేర్పారన్నది ఆ ఉద్యోగిపై వచ్చిన అభియోగం. 2023 డిసెంబరులో మసాచుసెట్స్‌లో మరో కేసు బయటపడింది. యు వీసా కోసం దుకాణాల్లో ఉత్తుత్తి దోపిడీలు చేయించారన్న ఆ కేసులో నిందితులు భారతీయ మూలాలున్నవారే. వారిలో ఒకరు 2025లో నేరం ఒప్పుకున్నారు. తుపాకీ చూపించి బెదిరించే నాటకం, అది కెమెరాలో పడటం, తరువాత ‘బాధితుడు’ పోలీసులకు ఫోను చేయడం, అన్నీ ముందే అనుకున్నవే! ఇలాంటి ఒక్కో మోసం వల్ల నిజంగా తుపాకీ చూసి వణికినవాడి మాట కూడా అనుమానాస్పదమవుతుంది. దొంగ సాక్ష్యం పొరుగువాడికి వ్యతిరేకంగా చెప్పవద్దని పది ఆజ్ఞల్లో ఒకటి శాసిస్తోంది (నిర్గమ 20:16). పొరుగువాడికి అనుకూలంగా చెబితే పరవాలేదనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ అబద్ధం వెనుక వరుసలో నిలబడి ఉన్న మరో పొరుగువాడి చోటును అది లాగేసుకుంటుంది.

ఈ ప్రమాదం అమెరికాలోని సంఘాలకే పరిమితం కాదు. ‘మా అబ్బాయి కేసుకు ఒక లెటర్ రాసివ్వండి అయ్యగారూ’ అన్న అభ్యర్థన ఇక్కడి పల్లెటూరి పాస్టరుగారికి కూడా రావచ్చు. ఊళ్లో దాడి జరిగిందని, చర్చిని తగలబెట్టారని రాయమనవచ్చు. నిజంగా జరిగి ఉంటే అది రాయడం కాపరి బాధ్యత. అప్పుడు భయపడి తప్పించుకోవడం విశ్వాసిని ఒంటరిగా వదిలేయడమే. జరగకపోతే ఎంత దగ్గరివారు అడిగినా, చర్చి పైకప్పుకు ఎంత కానుక ఇస్తామన్నా కలం ముట్టకూడదు. నిజం రాయడానికి ధైర్యం కావాలి, అబద్ధం రాయకపోవడానికీ ధైర్యం కావాలి. రెండూ ఒకే ధైర్యం.

మరి మంచి సాక్ష్యపత్రం ఎలా ఉండాలి? ఆమెను ఎన్నేళ్లుగా ఎరుగుదురో రాయండి. మీ కళ్లతో చూసినదాన్ని తేదీతో సహా రాయండి: ఫలానా ఆదివారం చేతిమీద కమిలిన మచ్చతో వచ్చింది, మూడు నెలలపాటు ఆరాధనకు రాలేదు, ఫోను ఎత్తలేదు, అర్ధరాత్రి బిడ్డతో మా ఇంటికి వచ్చింది. ఆమె చెప్పగా విన్నదాన్ని ‘ఆమె నాతో చెప్పింది’ అని విడిగా రాయండి. రోగాల పేర్లు మీరు పెట్టకండి, అది డాక్టరు పని. లాయరు ఇచ్చిన నమూనాను మక్కికి మక్కీ దించితే ఆ కాగితానికి ప్రాణం ఉండదు. తెలియనిది తెలియదని వదిలేయండి. నిపుణుల నివేదిక, కాపరి రాసిన నాలుగు నిజమైన వాక్యాలు ఒకదానికొకటి బలమవుతాయి. ఏ సంగతైనా ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద స్థిరపడాలన్న మోషే ధర్మశాస్త్రపు నియమం వెనుక ఉన్న వివేకం ఇదే (ద్వితీయో 19:15).

సాక్ష్యం రాయడం ఎంత అవసరమో, గుట్టు కాపాడటం అంతకంటే అవసరం. హింసకు గురైనవారు పెట్టుకున్న ఇలాంటి దరఖాస్తుల సమాచారాన్ని అధికారులు బయటపెట్టకూడదని 1996 నుంచే అమెరికా చట్టం రక్షణ ఇస్తోంది. ప్రభుత్వం దాచిన రహస్యాన్ని మన ప్రార్థన కూడికలు బయటపెడుతున్నాయి! ‘ఫలానా సిస్టర్ కుటుంబ సమస్య గురించి ప్రార్థించండి’ అని వాట్సాప్ గ్రూపులో ఒక్క సందేశం చాలు. అది సాయంత్రానికల్లా భర్త ఫోనుకు చేరుతుంది. ఆ రాత్రి ఆమె గతి ఏమిటో ఎవరైనా ఆలోచించారా? దేవునికి ఆమె పేరు ముందే తెలుసు, గ్రూపులో 200 మందికి తెలియనవసరం లేదు.

దారి చూపడం కూడా సేవే. దక్షిణాసియా స్త్రీల కోసం న్యూజెర్సీలో 1985లో మొదలైన ‘మానవి’, న్యూయార్క్‌లో 1989లో మొదలైన ‘సఖి’ వంటి సంస్థలు ఉన్నాయని చెప్పగలిగితే ఒక ప్రాణం నిలబడవచ్చు. మదింపుకయ్యే ఖర్చు అందరూ భరించగలిగేది కాదు. ఆశ్రయార్థులకు మదింపులు చేసే క్లినిక్కులను కొన్ని వైద్య కళాశాలల విద్యార్థులే నడుపుతున్నారు. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 2010లో మొదలైనది వాటికి మార్గం చూపింది. కాపరులు లాయర్లు కానక్కరలేదు, మంచి లాయరు దగ్గరికి పంపగలిగితే చాలు. బల్ల, కుర్చీలు, మైకుసెట్టు కోసం కానుకలెత్తే సంఘం ఒక చెల్లెలి నివేదిక ఖర్చుకోసం కానుకెత్తలేదా?

సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమన్న అపోహ ఇంకా మనల్ని వదల్లేదు. చావు కోరుకుంటూ బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాను దేవుడు మందలించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ తరువాతే, నీకిక్కడ ఏమి పని అని అడిగి అతడు చెప్పుకున్నదంతా విన్నాడు (1 రాజులు 19). విశ్రాంతి ముందు, ప్రశ్న తరువాత! మరో సంగతి కూడా మరచిపోకూడదు. మదింపు చికిత్స కాదు. నివేదిక అందజేయడంతో ఆ నిపుణుల పని ముగుస్తుంది. కానీ గంటల తరబడి గాయాన్ని తవ్వి చెప్పుకున్న మనిషి ఆ రాత్రి ఒంటరిగా ఇంటికి వెళుతుంది. ఆ రాత్రి భోజనం పెట్టేదెవరు, బిడ్డను స్కూలుకు దింపేదెవరు, తీర్పు వచ్చేదాకా సాగే ఏళ్లలో తోడుండేదెవరు? అది ఏ సైకాలజిస్టూ చేయలేని పని, సంఘం మాత్రమే చేయగలిగే పని.

సాక్షి అన్న మాటను మనం పాటల్లో, ప్రసంగాల్లో ఎంతో ఇష్టంగా వాడుకుంటాం. వేదికపై నిలబడి సాక్ష్యం చెప్పడం తేలిక, చప్పట్లు కూడా వస్తాయి. ఒక గాయపడిన సోదరి పక్షాన, పొగడ్తలేని చోట, తెలిసినంతే తెలిసినట్టుగా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టడం కష్టం. దానికి ముందు ఆమె చెప్పేది అడ్డురాకుండా వినడం ఇంకా కష్టం. మీ సంఘంలో నెలరోజులుగా కనబడని చెల్లి ఎవరో ఈ ఆదివారం ఒకసారి లెక్క చూసుకోండి. ఫోను చేసి, ఎలా ఉన్నావని అడిగి, ఆమె ‘బాగానే ఉన్నాను’ అన్న తరువాత కూడా ఒక్క నిమిషం ఫోను పెట్టేయకుండా ఉండండి. అసలు మాట చాలాసార్లు ఆ నిమిషంలోనే బయటికొస్తుంది.